ముందే తెరిచిన పెట్టెలు

2021 ఏప్రిల్‌లో ఆంధ్ర-తమిళనాడు సరిహద్దులోని తడకు అటూ ఇటూ రెండు ఎన్నికలు జరిగాయి. చెక్‌పోస్టు దాటి దక్షిణానికి పోతే వచ్చే ఆరంబాక్కం తమిళనాడుది. అక్కడివాళ్లు ఏప్రిల్ 6న తమ అసెంబ్లీకి ఓటేశారు. ఇటు తడ, సూళ్లూరుపేట వాళ్లు ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికలో ఓటేశారు. ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు 2020 సెప్టెంబరులో కన్నుమూయడంతో వచ్చిన ఎన్నిక అది. రెండుచోట్లా ఓట్లు లెక్కపెట్టింది మాత్రం మే 2నే. ఆరంబాక్కం ఓటు 26 రోజులు యంత్రంలోనే ఉండిపోయింది. బెంగాల్లో ఇంకా విడతలు నడుస్తున్నాయి. ఒకచోట ఎవరు గెలిచారో బయటపడితే మరోచోట ఓటేసేవాళ్ల మనసు మీద దాని ప్రభావం పడుతుంది కాబట్టి, అందరూ ఓటేశాకే లెక్కింపు.

తడ ఓటరుకు మాత్రం అప్పటికే రెండు ఫలితాలు తెలుసు. ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు అయిపోయాయి. మార్చి 14న మున్సిపల్ ఫలితాలు వచ్చాయి. తిరుపతి కార్పొరేషన్‌లో ఎన్నిక జరిగిన 49 డివిజన్లలో 48 వైసీపీకి, ఒకటి టీడీపీకి దక్కాయి. పక్కనున్న సూళ్లూరుపేట, నాయుడుపేట, వెంకటగిరి మున్సిపాలిటీలూ వైసీపీవే అయ్యాయి. దాంతో ఉప ఎన్నిక ప్రచారంలో ‘ఎవరు గెలుస్తారు’ అన్న మాటే వినపడలేదు. చర్చంతా మెజారిటీ ఎన్ని లక్షలన్న దాని మీదే సాగింది. వైసీపీ తరఫున కొత్త అభ్యర్థి డాక్టర్ మద్దిల గురుమూర్తి నిలబడితే, టీడీపీ తరఫున కేంద్ర మంత్రిగా చేసిన పనబాక లక్ష్మి, బీజేపీ తరఫున కర్ణాటక మాజీ ప్రధాన కార్యదర్శి రత్నప్రభ, కాంగ్రెస్ నుంచి చింతా మోహన్ పోటీపడ్డారు. ఎవరి అనుభవమెంత, ఎవరు ఏం చేయగలరు అని తూకం వేయాల్సిన పోటీ అది. ఆ తూకం జరగనే లేదు. గురుమూర్తి 2,71,592 ఓట్ల మెజారిటీతో గెలిచారు.

అదే గురుమూర్తి 2024లో అదే సీటులో గెలిచిన మెజారిటీ 14,569.

ఈ రెండంకెల మధ్య మూడేళ్ల పాలన ఉంది, పొత్తులున్నాయి, ఇంకా చాలా ఉన్నాయి. వాటన్నిటితోపాటు ముందే వచ్చిన ఫలితాల పాత్ర కూడా ఉందని నా నమ్మకం. ఉప ఎన్నికలో పోలింగ్ దాదాపు 64 శాతం. 2019లో ఇక్కడే అది 80కి దగ్గర్లో ఉంది. కరోనా రెండో అల వచ్చిపడిన రోజులవి, పైగా ఉప ఎన్నిక. దొంగ ఓట్ల గురించి ప్రతిపక్షాలు పెద్దయెత్తున ఆరోపణలు చేశాయి. అవన్నీ లెక్కలోకి తీసుకున్నా, తేలిపోయిందనుకున్న ఎన్నికకు ఎండలో లైన్లో ఎందుకు నిలబడాలనుకుని ఇంట్లో ఆగిపోయినవాళ్లు ఏ ఊళ్లోనైనా కనిపిస్తారు. ముందొచ్చిన ఫలితం గెలిచేవాడి వైపు జనాన్ని లాగుతుందని అందరూ అంటారు. ఓడిపోతాడనుకున్నవాడి మనుషుల్ని ఇంట్లో కూర్చోబెట్టడం అంతకన్నా పెద్ద పని. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఓటు మురిగిపోతుందన్న భయం

శ్రీసిటీ కంపెనీ బస్సులు షిఫ్టు మనుషుల్ని దించే వేళ తడ సెంటర్లో టీ తాగుతూ నిలబడితే, ఎన్నికల నెలలో చెవినపడే మొదటి ప్రశ్న ‘గాలి యాడుందబ్బా?’ అనే. అభ్యర్థి ఎలాంటివాడన్నది తర్వాత. పులికాట్ ఒడ్డున వలలు వేసేవాళ్లూ, పొద్దున్నే చెన్నై రైలెక్కేవాళ్లూ, పరిశ్రమలో కాంట్రాక్టు పని చేసే కుర్రాళ్లూ అడిగేది ఇదే. గెలవనివాడికి వేస్తే ఓటు మురిగిపోతుందని ఒక భయం. గెలిచేవాడికి వేస్తే ఊరికి రోడ్డన్నా వస్తుంది, పెన్షన్ కాగితమన్నా కదులుతుందని ఒక ఆశ.

దీన్ని తెలివితక్కువతనమని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఇంటి స్థలం పట్టా కోసం సచివాలయం చుట్టూ తిరిగిన మనిషికి, సర్పంచ్ అధికార పార్టీవాడైతే ఎంత తేడా వస్తుందో తెలుసు. గెలిచేదెవరో ముందే పసిగట్టడం అతనికి బతుకు లెక్క. చిక్కల్లా ఆ లెక్కకు ఆధారమైన సమాచారంతోనే. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎలాంటి పరిస్థితుల్లో వచ్చింది?

గెలవగలడా లేదా అన్న ప్రశ్న మనకన్నా ముందు నుంచే అమెరికాలో పెద్ద చర్చ. అక్కడ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలు రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో నెలల తరబడి జరుగుతాయి. ఏ రోజు ఫలితం ఆ రోజే. 2008 జనవరి 3న అయోవాలో ఒబామాకు 38 శాతం ఓట్లు వచ్చాయి. హిల్లరీ క్లింటన్ మూడో స్థానంలో ఉండిపోయారు. అయోవా జనాభాలో నూటికి తొంభై మందికి పైగా తెల్లవాళ్లు. నల్లజాతివాడికి తెల్లవాళ్లు ఓటేస్తారా అని అప్పటిదాకా సందేహపడుతున్న దక్షిణ కరోలినా నల్లజాతి ఓటర్లకు ఆ రాత్రి జవాబు దొరికింది. మూడు వారాలు దాటగానే అక్కడ ఒబామాకు 55 శాతం వచ్చాయి. ముందొచ్చిన ఫలితం జనంలో ఉన్న ఒక తప్పుడు భయాన్ని పోగొట్టగలదనడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

2020లో దీనికి తలకిందులుగా జరిగింది. బైడెన్ అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. ఇక ఆయన పనైపోయిందని పత్రికలన్నీ రాసేశాయి. ఫిబ్రవరి 29న దక్షిణ కరోలినా ఆయనకు దాదాపు సగం ఓట్లిచ్చింది. పోటీదారులు ఇద్దరు తప్పుకుని ఆయనకు మద్దతు పలికారు. మార్చి 3న 14 రాష్ట్రాలు ఓటేస్తే పదింట ఆయనే గెలిచారు. నాలుగు రోజుల్లో బైడెన్ వయసు మారలేదు, ఆయన చెప్పే మాటలూ మారలేదు. గెలవగలడన్న నమ్మకం ఒక్కటే మారింది.

అక్కడ మన తెలుగువాళ్లకూ ఇది అనుభవమే. టెక్సాస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ ఊళ్లలో ఉన్నవాళ్లకు మార్చి మొదట్లోనే ప్రైమరీ ఓటు ఉంటుంది కాబట్టి వాళ్ల మాటకు కొంత విలువ ఉంటుంది. న్యూజెర్సీలోని ఎడిసన్ వాళ్ల వంతు జూన్‌లో. చాలాసార్లు అప్పటికి అంతా తేలిపోయి ఉంటుంది. ఒకే పార్టీ, ఒకే దేశం, ఒకే ఓటు. క్యాలెండర్లో స్థానాన్ని బట్టి ఒకరి ఓటు బరువు, ఇంకొకరిది తేలిక.

ఆ రాత్రి ఫోన్లు

మన దగ్గర పార్టీలు ప్రైమరీలు పెట్టవు. ‘ఫలానా వారు అభ్యర్థి అయితే ఒకటి నొక్కండి’ అని ఫోన్‌కు వచ్చే ఐవీఆర్‌ఎస్ సర్వేతోనే సరి. అమెరికాలా వంతులవారీగా ఓటేసి, ఏ వంతు ఫలితం ఆ వంతుకే చెప్పేసే ఎన్నిక మనకూ ఒకటుంది. అది పంచాయతీ ఎన్నిక.

2021 ఫిబ్రవరి 9, 13, 17, 21. పొద్దున ఆరున్నరకు పోలింగ్ మొదలై మధ్యాహ్నం మూడున్నరకు ముగుస్తుంది. నాలుగింటికి అదే బడిలో పెట్టెలు తెరుస్తారు. సర్పంచ్ ఓట్లు ఒకవైపు, వార్డు ఓట్లు మరోవైపు వేరుచేస్తారు. ఉంగరానికి పడ్డవి ఉంగరానికి, కత్తెరకు పడ్డవి కత్తెరకు కట్టలు కడతారు. ముద్ర రెండు గుర్తుల మధ్య పడిందంటే ఏజెంట్లు బల్ల మీదికి వంగి వాదన మొదలుపెడతారు. చీకటి పడేసరికి గేటు బయట టపాసులు. ఆలోగానే ఫలితం వాట్సాప్‌లో మూడు నాలుగు రోజుల్లో ఓటేయబోయే మండలానికి చేరిపోతుంది. అక్కడ నామినేషన్ వేసి ఉన్న అభ్యర్థికి ఆ రాత్రే ఫోన్లు మొదలవుతాయి, ‘అన్నా, మన లైను ఎట్టుంది?’ అని. మొన్నటిదాకా వెంట తిరిగినవాళ్లలో కొందరు మర్నాడు కనపడరు.

పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులు లేవు. ఎన్నికల సంఘం పార్టీలవారీ లెక్క ఇవ్వదు. అయినా ప్రతి విడత ముగిసిన రాత్రే వైసీపీ ఒక లెక్క, టీడీపీ ఒక లెక్క విడుదల చేశాయి. రెండూ కలిపితే ఉన్న పంచాయతీల కన్నా ఎక్కువయ్యేలా ఉండేవి. అయిపోయిన విడత గురించి అంత పట్టుబట్టడం తర్వాతి విడత ఓటరు కోసమే. పార్టీలకు ఈ సంగతి బాగా తెలుసు. మొదటి విడత లెక్క అనేది రెండో విడతకు ప్రచార కరపత్రం.

దీనికన్నా ముందే వచ్చే ఫలితం ఇంకొకటుంది. అది ఏకగ్రీవం. నామినేషన్ల ఉపసంహరణ రోజునే అది తేలిపోతుంది. 2021లో ప్రభుత్వం దానికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. కొన్ని ఊళ్లలో పెద్దలు మనసారా కూర్చుని ఒక్కమాట మీదికొచ్చి ఉంటారు. కొన్ని ఊళ్లలో బెదిరింపులు జరిగాయన్న ఫిర్యాదులు వచ్చాయి. పక్క ఊరి ఓటరుకు అందే వార్తలో మాత్రం ఈ తేడా ఉండదు. ‘అన్నీ వాళ్లకే ఏకగ్రీవమైపోయాయంట’ అన్నది ఒక్కటే చేరుతుంది.

కుప్పం, ఆ తర్వాత ఊదారంగు పెన్ను

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ముందస్తు ఫలితాన్ని జనం ఎంతదాకా నమ్మారో చంద్రబాబు నియోజకవర్గం కుప్పం చెబుతుంది. పంచాయతీ ఎన్నికల్లో అక్కడి 89 పంచాయతీల్లో 74 తమవేనని వైసీపీ ప్రకటించింది. అదే ఏడాది నవంబరులో కుప్పం మున్సిపాలిటీలో 25 వార్డులకు 19 గెలిచింది. అప్పటి నుంచి చంద్రబాబు కుప్పంలోనే ఓడిపోతారన్న మాట ఊరూరా తిరిగింది. అసెంబ్లీలో 175కు 175 సీట్లు ఎందుకు రాకూడదన్న వైసీపీ నినాదానికి కుప్పమే పునాది అయింది. టీడీపీ కార్యకర్తల్లో కూడా చాలామంది దాన్ని నమ్మారు. 2024లో చంద్రబాబు అక్కడ 48 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 2019లో ఆయనకు వచ్చింది 30 వేల పైచిలుకే.

ఆ నమ్మకానికి మొదటి గండి పడింది 2023 మార్చిలో. ఆ ఎన్నికలో తడ పట్టభద్రులూ ఓటేశారు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు ఉమ్మడి జిల్లాల పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానం అది. మార్చి 13న పోలింగ్. అక్కడ యంత్రం లేదు, ముద్ర లేదు. ఎన్నికల సంఘం ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతో అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని అంకెలు వేయాలి. జేబులో ఉన్న సొంత పెన్ను తీసి రాస్తే ఆ ఓటు చెల్లదు. చెల్లిన ఓట్లలో సగం కన్నా ఒకటి ఎక్కువ వచ్చినవాడే విజేత. ఎవరికీ అన్ని రాకపోతే అట్టడుగున ఉన్నవాడిని తొలగించి, అతని కట్టలోని కాగితాల మీద 2 అని ఎవరికి వేశారో చూసి వాళ్లకు కలుపుతారు. మార్చి 16న మొదలైన లెక్కింపు మర్నాటికి గానీ తేలలేదు. టీడీపీ అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్, వైసీపీ అభ్యర్థి పేర్నాటి శ్యాంప్రసాద్ రెడ్డిపై గెలిచారు. టీడీపీ, వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ రెండో ప్రాధాన్య ఓటు విషయంలో ఒక అవగాహనకు వచ్చాయి. ఉత్తరాంధ్ర, పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానాలు కూడా టీడీపీకే వెళ్లాయి.

ఈ పద్ధతిలో ఓటు మురిగిపోతుందన్న భయానికి చోటే లేదు. మనసుకు నచ్చిన అభ్యర్థికి 1 వేసి, గెలిచే అవకాశమున్న వాడికి 2 వేయొచ్చు. గాలి ఎటుందో అడగకుండా ఓటేసే వెసులుబాటు తడ మండలంలో డిగ్రీ ఉన్నవాళ్లకు ఉంది, పులికాట్ మత్స్యకారుడికి లేదు. నాకిది సరైనదనిపించదు.

ఆ ఫలితం వచ్చాక రాష్ట్రంలో మాట మారింది. మార్చి 23న ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికలో టీడీపీ అభ్యర్థి పంచుమర్తి అనురాధ 23 ఓట్లతో గెలిచారు. మర్నాడు వైసీపీ, ఆమెకు ఓటేశారంటూ తన నలుగురు ఎమ్మెల్యేల్ని సస్పెండ్ చేసింది. వారిలో ముగ్గురు ఉమ్మడి నెల్లూరు జిల్లావాళ్లే. ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డిల అసంతృప్తి అప్పటికే బయటపడింది కాబట్టి ఈ తిరుగుబాటునంతా పట్టభద్రుల ఖాతాలో వేయకూడదు. పట్టభద్రులు మొత్తం ఓటర్లలో ఒక చిన్న వర్గమనీ, ఇది ప్రజాతీర్పు కాదనీ వైసీపీ నేతలు అప్పుడన్నారు. ఆ మాటలో న్యాయముంది. ఉద్యోగం రాని డిగ్రీ కుర్రాడి కోపం అందరి కోపం కాకపోవచ్చు. అదే కొలత 2021 ఫలితాలకూ పెట్టాల్సింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో మండల, జిల్లా పరిషత్ ఎన్నికల్ని టీడీపీ బహిష్కరించింది. పోటీలో లేనివాడిపై వచ్చిన గెలుపు జనం మనసు గురించి ఎంత చెబుతుంది?

2024 మే 13న తడ పోలింగ్ కేంద్రాల్లో ఓటరు ఎదుట రెండు యంత్రాలున్నాయి, అసెంబ్లీకి ఒకటి, లోక్‌సభకు ఒకటి. సూళ్లూరుపేటలో 2019లో అరవై వేల పైచిలుకు మెజారిటీతో గెలిచిన కిలివేటి సంజీవయ్య ఓడిపోయి, టీడీపీ అభ్యర్థి నెలవల విజయశ్రీ గెలిచారు. తిరుపతి లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లూ టీడీపీ, జనసేన, బీజేపీ కూటమివే. రాష్ట్రమంతా కూటమికి 164, వైసీపీకి 11. అంత గాలిలోనూ ఎంపీగా మాత్రం వైసీపీ గురుమూర్తే బీజేపీ అభ్యర్థి వరప్రసాదరావుపై గెలిచారు. ఒకే గదిలో, ఒకటి రెండు నిమిషాల తేడాతో, వేలమంది ఒక యంత్రం మీద ఒక పార్టీకి, పక్క యంత్రం మీద ఇంకో పార్టీకి నొక్కారు. ఫలితాలన్నీ మూసి ఉన్న ఎన్నికలో మన ఓటరు అభ్యర్థి అభ్యర్థినీ విడిగా తూచగలడని ఈ ఏడు సీట్ల లెక్క చూపించింది.

కోర్టులు ఒకసారి ఆపాయి

ఈ బెంగ నాది మాత్రమే కాదు, మన న్యాయస్థానాలూ పడ్డాయి. 2014లో ఉమ్మడి రాష్ట్రంలో మార్చి 30న మున్సిపల్ ఎన్నికలు, ఏప్రిల్ 6, 11 తేదీల్లో ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు జరిగాయి. సీమాంధ్రలో సార్వత్రిక పోలింగ్ మే 7న. ఈలోగా స్థానిక ఫలితాలు బయటికొస్తే అసెంబ్లీ ఓటరుపై ప్రభావం పడుతుందని వాదనలు నడిచాయి. మున్సిపల్ ఫలితాలను హైకోర్టు, పరిషత్ ఫలితాలను సుప్రీంకోర్టు ఆ పోలింగ్ అయ్యేదాకా ఆపించాయి. మే 12, 13 తేదీల్లో అవి లెక్కించారు. 16న సార్వత్రిక ఫలితాలు వచ్చాయి. సీమాంధ్ర మున్సిపాలిటీల్లో టీడీపీ ఎక్కువ గెలిచింది, అసెంబ్లీలోనూ 102 సీట్లతో అధికారంలోకి వచ్చింది. సూళ్లూరుపేటలో మాత్రం వైసీపీ అభ్యర్థి సంజీవయ్య నాలుగు వేలకు లోపు మెజారిటీతో బయటపడ్డారు. టీడీపీ మున్సిపల్ గెలుపు వార్త మే 7కు ముందే తడ సెంటర్‌కు చేరి ఉంటే, నాలుగు వేల ఓట్లు అటూ ఇటూ కావడం ఎంతసేపు? ఆ సీటు ఓటరు తన సొంత తూకంతో తేల్చుకున్నాడంటే ఆ కోర్టు ఉత్తర్వుల చలవ కూడా అందులో ఉంది.

లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలకు చట్టమే ఆ రక్షణ ఇచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 126ఏ సెక్షన్ 2010 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం చివరి విడత పోలింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ కూడా చెప్పకూడదు. ఊహను కూడా చెప్పనివ్వని దేశంలో, పంచాయతీ దగ్గరికొచ్చేసరికి అసలు ఫలితాన్నే మధ్యలో ప్రకటిస్తున్నాం. తెలంగాణలోనూ ఇదే తీరు. 2019 జనవరిలోనూ, 2025 డిసెంబరులోనూ మూడేసి విడతలు, ఏ విడత లెక్కింపు ఆ రోజే.

ఎమ్మెల్యే ఓటు కన్నా సర్పంచ్ ఓటు మీదే ఇలాంటి ఒత్తిడి ఎక్కువ పనిచేస్తుంది. కొన్ని వందల ఓట్లున్న ఊళ్లో పది ఇళ్లు మనసు మార్చుకుంటే ఎన్నిక తిరగబడుతుంది. ఎవరు ఎవరికి వేశారో ఊరంతటికీ దాదాపుగా తెలుస్తుంది కూడా. ఓడేవాడి పక్షాన కనపడితే ఐదేళ్లు ఇబ్బందేనన్న భయం అక్కడే ఎక్కువ. రక్షణ ముందు అక్కడ కావాలి.

అన్ని విడతల పోలింగ్ ముగిశాక ఒకే రోజు పంచాయతీ ఓట్లు లెక్కించాలని నేను కోరుతున్నాను. రాజ్యాంగంలోని 243కె అధికరణం పంచాయతీ ఎన్నికల నిర్వహణను రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో పెట్టింది. నిబంధనల్లో మార్పు కావాలంటే ప్రభుత్వం చేయొచ్చు. వేల పంచాయతీల పెట్టెలు పన్నెండు రోజులు ఎక్కడ దాచాలి, కాపలా ఎవరు కాయాలి, మార్చేశారన్న గొడవలు రావా అని అధికారులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే. దీనికి జవాబు మన అనుభవంలోనే ఉంది. 2021 ఏప్రిల్ 8న పోలింగ్ జరిగిన పరిషత్ ఎన్నికల ఓట్లు షెడ్యూలు ప్రకారం ఏప్రిల్ 10న లెక్కించాలి. ఎన్నికల నియమావళి గడువుపై వివాదం హైకోర్టుకు వెళ్లి లెక్కింపు ఆగిపోయింది. రాష్ట్రమంతా ఆ బ్యాలెట్ పెట్టెలు స్ట్రాంగ్ రూముల్లో ఎండాకాలం దాటి, వానాకాలంలోకి వచ్చి, అయిదు నెలలకు పైగా ఉన్నాయి. సెప్టెంబరు 19న తెరిచి లెక్కపెట్టారు. అయిదు నెలలు కాపలా కాసిన యంత్రాంగానికి పన్నెండు రోజులు కష్టం కాదు.